సంక్షోభ సమయంలో కంపెనీ ప్రకటన: వర్తకుడు చదవవలసిన తీరు

మామిడిపల్లి (శంషాబాద్): విమానాశ్రయాన్ని ఆనుకొని ఉన్న ఈ ప్రాంతంలో సరుకు ఎంత వేగంగా కదులుతుందో, సరుకును గురించిన మాట అంతకన్న వేగంగా కదులుతుంది. 2021 జనవరి 13న భారత్ బయోటెక్ కంపెనీ తయారుచేసిన కోవాగ్జిన్ టీకా పెట్టెలు శంషాబాద్ నుంచి గన్నవరం, చెన్నై, పూనా, ఢిల్లీ, గౌహతి తదితర 11 నగరాలకు బయలుదేరాయి. కేంద్ర ప్రభుత్వం 55 లక్షల మోతాదులకు ఆర్డరు ఇవ్వగా, అందులో 16 లక్షల 50 వేల మోతాదులను కంపెనీ ఉచితంగా ఇచ్చింది. సరుకు విమానం ఎక్కడానికి పది రోజుల ముందే దానిపై తగాదా దేశమంతటా తిరిగివచ్చింది.

సరుకు నాణ్యతను చేతిలోకి తీసుకొని చూసి చెప్పగల వర్తకులు మన మార్కెట్లలో కొల్లలు. కంపెనీ ప్రకటన చేతికి వచ్చినప్పుడు మాత్రం చాలామంది పైపైన చదివి, ఉంటే కొనడమో లేకుంటే అమ్మడమో చేస్తారు. ఆపద సమయంలో ఉత్పత్తిదారు ఏమి చెప్పాడు, ఎప్పుడు చెప్పాడు, ఎవరికి చెప్పాడు, ఏది చెప్పకుండా వదిలాడు అనేవి ధరమీద, నిల్వలమీద, బకాయిలమీద నేరుగా పనిచేస్తాయి. తెలుగునాట ఇటీవలి సంవత్సరాలలో జరిగిన మూడు ఉదంతాలు, బయటివి రెండు తీసుకొని ఈ సంగతి పరిశీలిద్దాం.

టీకా, మాట, ధర

కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అనుమతి ప్రకటించేనాటికి మూడవ దశ పరీక్షలు ముగియలేదు. 25,800 మంది వలంటీర్లతో ఆ పరీక్షలు అప్పటికి సాగుతూనే ఉన్నాయి. టీకా ఎంతశాతం పనిచేస్తుందో చెప్పే అంకె కంపెనీ చేతిలో లేదు. అదే సమయంలో పోటీ కంపెనీ అధిపతి, పనితనం రుజువైన టీకాలు మూడేనని, మిగిలినవి నీళ్లలా ప్రమాదం లేనివి మాత్రమేనని అన్నట్లు వార్తలు వచ్చాయి. మరునాడు భారత్ బయోటెక్ అధిపతి డాక్టర్ కృష్ణా ఎల్లా విలేఖరుల ముందుకు వచ్చి తీవ్రంగా స్పందించారు. తమ పరీక్షలు నూటికి రెండు వందలపాళ్లు నిజాయితీగా జరిగాయని, తమకు ఎంతో అనుభవమున్నదని, అయినా నిందలు తప్పడం లేదని ఆయన వాదన. ఆ మరునాడు, అంటే జనవరి 5న, రెండు కంపెనీలు కలిసి ఉమ్మడి ప్రకటన విడుదల చేశాయి. దేశానికి, ప్రపంచానికి టీకాలు అందించడమే తమ కర్తవ్యమన్నది దాని సారాంశం.

మూడు రోజుల్లో మూడు రకాల మాటలు! వర్తక దృష్టితో చూస్తే మూడవదే అసలు సమాచారం. కొనేవారు ఒక్కరే, అది ప్రభుత్వం. ఆ ఒక్క గిరాకీదారు ముందు అమ్మకందారులిద్దరు కలహించుకుంటే నష్టపోయేది ఇద్దరూ. ఉమ్మడి ప్రకటన అందుకే వచ్చిందనుకోవడంలో తప్పులేదు. అయితే అసలు సందేహం పనితనాన్ని గురించినది, దానికి ఉమ్మడి ప్రకటన సమాధానం కాలేదు. అది మార్చి 3న వచ్చింది. మధ్యంతర ఫలితాలలో 81 శాతం అన్నారు. జులై మొదటివారంలో తుది విశ్లేషణ 77.8 శాతం అని తేల్చింది. కోపంగా మాట్లాడిన జనవరి ప్రకటన కంటె చల్లగా అంకె చెప్పిన మార్చి ప్రకటన కంపెనీకి ఎక్కువ మేలు చేసింది. అంకె లేనప్పుడు కంపెనీ గొంతు పెంచుతుంది. ఇది చాలా రంగాలలో కనిపించేదే.

ధర విషయంలో జరిగినది వర్తకులకు మరింత ఆసక్తికరం. 2021 ఏప్రిల్ 24న కంపెనీ రాష్ట్ర ప్రభుత్వాలకు మోతాదు రు. 600, ప్రైవేటు ఆసుపత్రులకు రు. 1,200 అని ప్రకటించింది. కేంద్రానికి అమ్మినది రు. 150కి. రెండవ అల ఉధృతంగా ఉండి, ఆసుపత్రులలో పడకలు దొరకని రోజులవి. ఒకే సరుకుకు మూడు ధరలేమిటని గగ్గోలు లేచింది. అయిదు రోజులకే, ఏప్రిల్ 29న, రాష్ట్రాలకు రు. 400కు తగ్గించినట్లు ప్రకటన వచ్చింది. ఎందుకు 600 అన్నారో, ఎందుకు 400 చాలునన్నారో ఆ రెండు ప్రకటనలలోను లెక్క లేదు. బేరంలో అడిగిన వెంటనే మూడో వంతు తగ్గించే వర్తకుని మొదటి ధరను ఎవరు నమ్ముతారు?

లెక్క జూన్ 15న బయటపెట్టారు. కేంద్రానికి ఇస్తున్న రు. 150 పోటీ ధర కాదని, దీర్ఘకాలం నిలవదని, ఉత్పత్తిలో ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్లేది పది శాతం లోపేనని, అన్ని సరఫరాలమీద సగటున తమకు దక్కేది మోతాదుకు రు. 250 లోపేనని కంపెనీ వివరించింది. పరిశోధన, పరీక్షలు, కర్మాగారాల మీద సొంత సొమ్ము రు. 500 కోట్లకు పైగా పెట్టామన్నది. ఈ వివరణను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, దానితో వాదించవచ్చు. ఏప్రిల్‌లోనే ఈ కాగితం వచ్చి ఉంటే గగ్గోలులో సగం తగ్గేది. తరువాత కేంద్రం చెల్లించే ధర పన్నులతో కలిపి రు. 225.75కు పెరిగింది. సగటు ధర చెప్పుకున్న కంపెనీకి దాదాపు ఆ సగటుకు దగ్గరి ధరే దక్కినట్లయింది. లెక్కతో చెప్పిన మాటకు మార్కెట్‌లో ఉండే బలం ఇది.

ఈ కథకు తోక కూడా ఉన్నది. 2022 ఏప్రిల్ 9న ప్రైవేటు ఆసుపత్రుల ధర రు. 1,200 నుంచి ఒక్క ప్రకటనతో రు. 225కు దిగింది. ముందు ధరకు కొని శీతల పెట్టెలలో నిల్వ ఉంచుకున్న ఆసుపత్రులకు అది మింగుడుపడని వార్త. అంతకు కొద్దిరోజుల ముందే, ఏప్రిల్ 1న, సరఫరాలు పూర్తయి గిరాకీ తగ్గినందున ఉత్పత్తి తగ్గిస్తున్నామని కంపెనీ చెప్పింది. మరునాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ, మార్చిలో జరిపిన తనిఖీలో ఉత్పత్తి పద్ధతులలో కనిపించిన లోపాల కారణంగా ఐక్యరాజ్య సమితి సంస్థల ద్వారా జరిగే సరఫరాలు నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. ఏప్రిల్ 1 నాటి ప్రకటనను శ్రద్ధగా చదివి, నిల్వ తగ్గించుకోవాలని అనుకున్నవారు బాగుపడ్డారు. "ఉత్పత్తి తగ్గిస్తున్నాం" అనే మాటను మన వర్తకులు సాధారణంగా ధర పెరుగుతుందనే అర్థంలో తీసుకుంటారు. గిరాకీ పడిపోయి తగ్గించినప్పుడు అర్థం తలకిందులవుతుంది.

బ్రెజిల్ వ్యవహారాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రెండు కోట్ల మోతాదుల ఒప్పందంపై అక్కడ అవినీతి ఆరోపణలు రేగి, 2021 జూన్ చివర ఆ ప్రభుత్వం ఒప్పందాన్ని నిలిపివేసింది. భారత్ బయోటెక్ తనకు అడ్వాన్సుగా పైసా ముట్టలేదని, టీకాలూ పంపలేదని తేదీలతో సహా ప్రకటించి, జులైలో అక్కడి ఏజెంటు కంపెనీతో ఒడంబడిక రద్దు చేసుకున్నది. దూరదేశంలోని ఏజెంటు చేసే పనికి పేరు పోయేది సరుకు యజమానిదే. ఎగుమతి వర్తకులకు ఇది కొత్త పాఠం కాదు.

విశాఖ: సైరను మోగని రాత్రి

ప్రకటన అంటే పత్రికలకు ఇచ్చే కాగితమని అనుకోవడం పొరపాటు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, మూడు గంటల ప్రాంతంలో, విశాఖపట్నం గోపాలపట్నం వద్ద ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. లాక్‌డౌన్ కారణంగా కర్మాగారం వారాల తరబడి మూతపడి, తిరిగి తెరిచే ప్రయత్నంలో ఉన్నది. నిద్రలో ఉన్న జనం లేచి పరుగెత్తారు. దారిలోనే పడిపోయినవారున్నారు. 12 మంది మరణించారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. కర్మాగారంలో సైరను మోగించడానికి 36 చోట్ల మీటలున్నా ఒక్కటీ మోగలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం జులై 6న ఇచ్చిన నివేదికలో తేల్చింది.

ఆ రాత్రి కంపెనీ చేయవలసిన మొదటి ప్రకటన ఆ సైరనే. అది పత్రికా ప్రకటన కంటె ముందుది, ఖరీదు లేనిది, ఎవరికీ అనువాదం అక్కరలేనిది. దాని తరువాత వచ్చిన ప్రకటనలన్నీ ఆ లోటును పూడ్చే ప్రయత్నాలే.

ఆ కర్మాగారం చరిత్ర పాత వర్తకులకు తెలుసు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలై, 1978లో మెక్‌డోవెల్ చేతికి వెళ్లి, 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్‌జీ కెమ్ కొనుగోలుతో ఎల్‌జీ పాలిమర్స్ అయింది. ప్లాస్టిక్ సామాను తయారీదారులకు పాలిస్టైరీన్ గుళికలు సరఫరా చేసేది. మన స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదు కాని కంపెనీ. అందుచేత ఎక్స్ఛేంజీకి సమాచారం ఇవ్వవలసిన బాధ్యత ఇక్కడ దానికి లేదు. సరుకు కొనే చిన్న కార్ఖానాదారులు సియోల్‌లోని మాతృసంస్థ ప్రకటనల కోసం, టెలివిజన్ వార్తల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. మొదటి రోజు సియోల్ నుంచి వచ్చిన మాట, లీకు అదుపులోకి వచ్చిందని, కారణం విచారిస్తున్నామని. ట్యాంకులో వేడి ఇంకా చల్లారక, ఊళ్లు ఖాళీ చేయించి, నిరోధక రసాయనాన్ని బయటి రాష్ట్రం నుంచి తెప్పిస్తుండగా "అదుపులో" అనే మాట వెంకటాపురం వాసులకు ఎలా వినపడి ఉంటుందో ఊహించడం కష్టంకాదు. మే 9న కంపెనీ క్షమాపణ చెప్పి, బాధిత కుటుంబాలకు తోడ్పడతామన్నది. ఆసరికే రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు చొప్పున ప్రకటించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ మే 8నే రు. 50 కోట్లు డిపాజిట్ చేయాలని ఆదేశించింది. పరిహారం సంగతి కంపెనీ నోటివెంట రాకముందే ఇతరుల నోట వచ్చింది.

మరొక సంగతి. ఉత్పత్తి పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి తమకు లేదని 2019లో కంపెనీయే అధికారులకు ఇచ్చిన అఫిడవిట్‌లో రాసిన విషయం ప్రమాదం తరువాత పత్రికలకెక్కింది. సంక్షోభం వచ్చినప్పుడు పాత కాగితాలన్నీ బీరువాల నుంచి బయటికి వస్తాయి. నిన్న రాసినదానికి విరుద్ధంగా నేడు మాట్లాడే కంపెనీని ప్రజలు క్షమించరు. సరఫరా ఒప్పందం రాసుకునే ముందు ఇటువంటి అనుమతి పత్రాల నకళ్లు అడిగి పుచ్చుకునే అలవాటు మన కొనుగోలుదారులలో తక్కువ. "అంత పెద్ద కంపెనీని ఏమని అడుగుతాం?" అనేది సాధారణంగా వినిపించే సమాధానం.

నివేదిక వచ్చిన మరునాడు ప్రధాన అధికారితో సహా పన్నెండుమంది అరెస్టయ్యారు. ట్యాంకులలో, రేవులో మిగిలి ఉన్న దాదాపు 13 వేల టన్నుల స్టైరీన్‌ను మే నెలలోనే ఓడలలో కొరియాకు తిప్పి పంపారు. బాధితుల సహాయానికి రు. 120 కోట్ల నిధిని మాతృసంస్థ ప్రకటించినది మాత్రం 2024 జులైలో. నాలుగు సంవత్సరాలు ఆలస్యమైన మాటకు వడ్డీ ఎంతో లెక్కకట్టే పద్ధతి వాణిజ్యంలో లేదుగాని, వెంకటాపురంలో ఉన్నది.

పాశమైలారం: ఎక్స్ఛేంజీకి ఒక మాట, గేటు వద్ద ఒక మాట

సిగాచి ఇండస్ట్రీస్ ఉదంతంలో కంపెనీ నమోదైనది. 2021 నవంబరులో దాని షేర్లు మార్కెట్‌కు వచ్చినప్పుడు ఎగబడి కొన్నారు. మాత్రల తయారీలో పూరకంగా వాడే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ దాని ప్రధాన సరుకు. కలపగుజ్జు నుంచి తీసే తెల్లని పొడి. 2025 జూన్ 30 సోమవారం ఉదయం సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని కర్మాగారంలో భారీ పేలుడు సంభవించింది. చనిపోయినవారి లెక్క రోజురోజుకు పెరిగి, ఆచూకీ దొరకనివారిని కూడా కలుపుకొని చివరకు 54కు చేరింది. ఎక్కువమంది బీహారు, ఒడిషా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాలనుంచి పొట్టచేత పట్టుకొని వచ్చినవారు.

షేరు ధర ఆ రోజే పది శాతానికి పైగా పడిపోయింది. జులై 2న కంపెనీ ఎక్స్ఛేంజీలకు వివరంగా రాసింది. అప్పటికి తెలిసిన మృతుల సంఖ్య 40, గాయపడినవారు 33 అని, మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు చొప్పున ఇస్తామని, కర్మాగారం 90 రోజులు మూసివేస్తున్నామని, ప్రమాదం రియాక్టరు పేలినందువల్ల జరిగినది కాదని అందులో ఉన్నది. మదుపరికి కావలసిన అంశాలు దాదాపు అన్నీ ఆ కాగితంలో ఉన్నాయని ఒప్పుకోవాలి. కాని ఆ రెండు రోజులూ గేటు వద్ద, ఆసుపత్రుల వద్ద నిలబడినవారు అడిగినది ఒకటే: లోపల ఎవరెవరు ఉన్నారు? ఆ షిఫ్టు జాబితా ఎక్కడ? పేర్ల జాబితా కోసం బంధువులు తిరిగిన తిరుగుళ్లు పత్రికలలో వచ్చాయి. కోటి రూపాయల మాట కూడా జులై 1న స్థలానికి వచ్చిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నోట ముందు వచ్చి, కంపెనీ నోట తరువాత వచ్చింది.

"రియాక్టరు పేలలేదు" అనే వాక్యం సాంకేతికంగా నిజమే కావచ్చు. తొలి వార్తలలో రియాక్టరు అని రాసినవారిని సరిదిద్దడం కంపెనీ హక్కు కూడా. కాని అది కాదన్నవారు మరి ఏమిటో చెప్పలేదు. ప్రకటన చదివేటప్పుడు ఖండించిన అంశం ఒకవైపు, ఒప్పుకున్న అంశం ఒకవైపు రాసుకుంటే, మధ్య ఖాళీ ఎంతున్నదో తెలుస్తుంది. ఆ ఖాళీయే నష్టభయం. ఖాళీ పెద్దదైతే 90 రోజుల మూసివేత 90 రోజులతో ఆగదని అనుకోవడం మేలు.

సెబీ నిబంధనలకు 2023లో చేసిన సవరణ ప్రకారం, కంపెనీ లోపల జరిగిన ముఖ్య ఘటనను నమోదైన కంపెనీ 12 గంటలలోగా, బయటినుంచి వచ్చినదానిని 24 గంటలలోగా ఎక్స్ఛేంజీకి తెలియజేయాలి. వ్యాపారికి ఇదొక ఆసరా. అయితే ఈ గడువు మదుపరికోసం పెట్టినదే తప్ప, గోడ పక్క ఇంటివారికోసమో, ఆ సరుకుమీద ఆధారపడిన మందుల కంపెనీకోసమో పెట్టినది కాదు. ఎక్స్ఛేంజీకి పంపిన కాగితాన్ని, సరఫరాదారు తనకు టెలిఫోనులో చెప్పిన మాటను పక్కపక్కన పెట్టి చూడటం కొనుగోలుదారు పని. రెండూ కలవకపోతే కాగితాన్నే నమ్మడం మంచిది. కాగితంలో తప్పు రాస్తే శిక్ష ఉన్నది, టెలిఫోనుకు లేదు.

దుకాణంలో నిల్వ ఉన్నప్పుడు

మ్యాగీ నూడుల్స్ వివాదం తెలుగునాట పుట్టినది కాదు. కాని మన కిరాణా వర్తకులందరి అరలనూ తాకింది. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో 2014లో తీసిన నమూనా వ్యవహారం ఏడాదికి పైగా నలిగి, 2015 మే నెలలో దేశమంతటా మంటలు లేపింది. నెస్లే కంపెనీ తన సరుకు సురక్షితమని మొదటినుంచి చెబుతూనే వచ్చింది. రాష్ట్రాలు ఒకటొకటిగా నిషేధిస్తుండగా దాని జవాబులు ముక్తసరిగా ఉండేవి. జూన్ 5న కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశం, కంపెనీ సరుకు వెనక్కు తీసుకుంటున్నట్లు చేసిన ప్రకటన ఇంచుమించు ఒకేసారి వెలువడ్డాయి. ఆ ఏడాది ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో కంపెనీకి రు. 64.40 కోట్ల నష్టం వచ్చింది. బొంబాయి హైకోర్టు ఆగస్టు 13న నిషేధాన్ని కొట్టివేయగా, నవంబరులో సరుకు తిరిగి అంగళ్లకు వచ్చింది. కంపెనీ చివరకు గెలిచింది. కాని వెనక్కు తెప్పించిన 30 వేల టన్నులకు పైగా సరుకు సిమెంట్ కార్ఖానాల కొలుములలో బూడిదయింది.

ఆ వారాలలో పంపిణీదారుకు కావలసిన సమాచారం సీసం ఎంతున్నదని కాదు. అమ్మవచ్చునా, ఆపాలా, వాపసు తీసుకుంటారా, ఏ బిల్లు ధరకు తీసుకుంటారు అన్నవే. సరుకు సురక్షితం అని పత్రికలలో చదివి, కొత్త లోడు దింపుకున్నవాడు పది రోజులలో దానినే మళ్లీ కట్టలు కట్టవలసి వచ్చింది. వివాదం మొదలయిన రోజునే బ్యాచ్ నంబర్లతో నిల్వల జాబితా రాసుకొని, వాపసు షరతులు కంపెనీ నుంచి రాతపూర్వకంగా కోరినవారికి పద్దు తేల్చుకోవడం తేలిక. ఫీల్డు ప్రతినిధి నోటిమాట పద్దుకెక్కదు.

మిర్చి వర్తకులు 2024ను మరచిపోరు. ఆ ఏప్రిల్‌లో హాంకాంగ్ ఆహార భద్రతా కేంద్రం ఎం.డి.హెచ్. మసాలాలు మూడింటిలో, ఎవరెస్టు చేపల కూర మసాలాలో ఇథిలీన్ ఆక్సైడ్ ఉన్నదని ప్రకటించింది. సింగపూర్ ఎవరెస్టు సరుకును వెనక్కు తీసుకోవాలన్నది. ఆరోపణలు నిరాధారమని, అక్కడి అధికారులనుంచి తమకు సమాచారమే లేదని ఎం.డి.హెచ్. కొట్టిపారేసింది. ఎవరెస్టు తన సరుకు సురక్షితమేనని, పరీక్షకు ఆపినది తమ అనేక రకాలలో ఒక్కటే అని చెప్పింది. ప్యాకెట్టు మీద పేరున్నవారు ఇంతటితో ఊరుకోవచ్చు. మే నెలలో హాంకాంగ్, సింగపూర్ వెళ్లే మసాలా సరుకులన్నింటికీ సుగంధద్రవ్యాల బోర్డు ముందస్తు పరీక్ష తప్పనిసరి చేసింది. ఆ పరీక్ష ఖర్చు, ఆలస్యం, తిరస్కరణ భయం పేరున్న రెండు కంపెనీలతో పాటు ఆ దేశాలకు మిర్చి పంపే ప్రతి ఎగుమతిదారు మీదా పడ్డాయి. ఆ ప్రకటనలలో పరీక్షా ఫలితాల అంకెలు గాని, పొడి శుద్ధికి ఏ పద్ధతి వాడుతున్నారన్న వివరం గాని ఉండి ఉంటే, గుంటూరు, ఖమ్మం, వరంగల్ ఎగుమతిదారులు విదేశీ కొనుగోలుదారులకు చూపించుకునేందుకు ఒక కాగితమైనా ఉండేది. అది లేక ఎవరి లాటును వారే ప్రయోగశాలకు పంపి, ఎవరి ధృవపత్రం వారే తెచ్చుకున్నారు.